ఖాళీ కుర్చీ అడిగిన ప్రశ్నలు

1944లో నన్ను చిత్తూరు జిల్లాకు జూనియర్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. పాకాల చుట్టుపక్కల ఎలిమెంటరీ బడులన్నీ నా కిందికి వచ్చాయి. మా తనిఖీలు రెండు రకాలు. ఒకటి ఏడాదికోసారి ముందుగా కబురు పంపి వెళ్ళేది, రెండోది చెప్పాపెట్టకుండా వెళ్ళేది. మొదటిదానిలో మామిడాకుల తోరణాలు, స్వాగత పద్యాలు కనిపిస్తాయి. రెండోదానిలో బడి కనిపిస్తుంది. నాకు ఎప్పుడూ రెండోదే ఇష్టం, అందుకే పంతుళ్ళకు నేనంటే పెద్దగా ఇష్టం ఉండేది కాదు.

దసరా సెలవులు అయిపోయాక మా పై అధికారి పిలిచి ఒక పని అప్పగించారు. కొండ కింద ఒక ఊళ్ళో హయ్యర్ ఎలిమెంటరీ బడి, అంటే ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడి. అక్కడి అసిస్టెంటు పంతులు పటాలంలో చేరి వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు దేవసహాయం ఎనిమిది తరగతులనూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చి, జ్వరంతో చనిపోయాడు. యుద్ధకాలం కాబట్టి ట్రైనింగు అయిన పంతుళ్ళు దొరకడం లేదు. బడి నడవకపోతే గుర్తింపు తీసేయమని రాసి రండి అన్నారాయన. గుర్తింపు పోతే ఎనిమిదో తరగతి పిల్లలు ఇ.ఎస్.ఎల్.సి. పరీక్షకు కూర్చోలేరు. అది ఎలిమెంటరీ చదువుకు చివరి పరీక్ష. అది గట్టెక్కితేనే ట్రైనింగు స్కూల్లో చేరి పంతులో పంతులమ్మో కావచ్చు.

పాకాలలో రైలు దిగి బండి మాట్లాడుకున్నాను. దారి పొడుగునా కబుర్లు చెప్పిన బండి మనిషి ఊరు కనిపించగానే ఎద్దును నిలిపేశాడు.

"ఇంక నడిచి పోండి సామీ. ఆ బడి దావన నేను రాను."

ఎందుకని అడిగాను.

"అయ్యోరు సచ్చిపోయినాడు గదా. అయినా పాఠం సెప్తానే ఉండాడంట. పిల్లకాయలు బదులు సెప్పేది ఇనపడతాది. అడిగే గొంతు మాత్రం ఇనపడదు సామీ."

నవ్వి దిగాను. పంతులు లేని బడిలో పిల్లలు ఏం చేస్తారో నాకు తెలుసు. బడి వెనక మట్టి దిబ్బ మీద కొయ్య శిలువ కనిపించింది. దేవసహాయాన్ని అక్కడే పెట్టారన్నమాట. నేను ఊహించిన అల్లరి ఎక్కడా లేదు. కిటికీ పక్కన నిలబడ్డాను.

లోపల నిశ్శబ్దం. ఒక ప్రశ్న అడగడానికి పట్టేంత సేపు. తర్వాత పది గొంతులు ఒక్కసారిగా, "స్వర్ణముఖి." మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి ఒకే ఒక గొంతు, "చంద్రగిరి కొండల్లో." మళ్ళీ నిశ్శబ్దం. "పాలారు," అన్నాడు ఒక పిల్లవాడు. తప్పని ఎవరూ చెప్పలేదు. కాసేపటికి వాడే లేచి, గోడ దగ్గరికి పోయి, గోడకుర్చీ వేశాడు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా మధ్యాహ్నం ఎండలో నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

లోపలికి వెళ్ళాను. ఎవరూ లేవలేదు. తరగతికొక వరస చొప్పున పిల్లలు నేల మీద కూర్చున్నారు. మధ్యలో ఒక కుర్చీ, దాని వీపు మీద మడత పెట్టిన కండువా. కుర్చీ నాలుగో తరగతి వైపు తిరిగి ఉంది. చివర ఒంటరిగా కూర్చున్న ఒక పెద్ద పిల్ల లేచి, గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్కను కొట్టింది. తర్వాత ఆ కుర్చీని రెండు చేతులతో ఎత్తి, చప్పుడు కాకుండా ఐదో తరగతి వైపు తిప్పి పెట్టింది. నాలుగో తరగతి పలకలు తీసింది. ఐదో తరగతి నిటారుగా కూర్చుంది.

అప్పటికి సంగతి బోధపడింది. ఒకే పంతులు ఎనిమిది తరగతులు చూసే చోట ఇదొక పద్ధతి. కుర్చీ ఎటు తిరిగితే ఆ తరగతికి నోటి పాఠం, మిగతావాళ్ళకు రాత పని. దేవసహాయం ఏటేటా అవే పాఠాలు, అవే ప్రశ్నలు, అదే వరసలో అడిగాడు. పై తరగతుల పిల్లలు వాటిని ఇదివరకే విని ఉన్నారు. ఏ ప్రశ్న తర్వాత ఏది వస్తుందో, ఏది ఎవరిని అడుగుతాడో కింది తరగతులకు వాళ్ళే చెప్పి ఉంటారు.

కాళ్ళు లాగుతున్నాయి. కుర్చీ వైపు ఒక అడుగు వేశాను. చిన్నపిల్లలు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు.

"ఆడ కూర్చోవద్దండి అయ్యా," అంది పెద్ద పిల్ల. గొంతులో వినయం ఉంది, బతిమాలడం లేదు. నేను కూర్చోలేదు.

ఆ పిల్ల పేరు మునిరత్నం. ఎనిమిదో తరగతిలో ఉన్నది ఆమె ఒక్కతే. ఆ తరగతి ఆ ఏడాదే పెట్టారు. చివరికి గంట కొట్టి, కుర్చీని తన వైపు తిప్పుకుని, దాని ఎదురుగా నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. సైన్సు అడుగుదామని నేను గొంతు సవరించుకున్నాను. వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే ఎందుకు ఆరిపోతుందన్నది నా ప్రశ్న. ఇంకా నోరు తెరవలేదు.

"గ్లాసులో గాలి అయిపోతాది గనక ఆరిపోతాదయ్యా," అంది.

ఎలా తెలిసిందని అడిగాను.

"ఇనస్పెట్టరు వస్తే ముందు అదే అడుగుతాడని అయ్యోరు చెప్పినాడు."

నిజమే. ఆయనకూ నాకూ ట్రైనింగు స్కూల్లో నేర్పింది ఆ పాఠమే. ఆ ఖాళీ కుర్చీకీ నాకూ పెద్ద తేడా లేదని తెలిసి ఒళ్ళు మండింది. ఇట్లా అయ్యవారు లేకుండా ఏం నేర్చుకుంటున్నారని కటువుగానే అడిగాను. ఆమె ఆలోచించి చెప్పింది.

"లెక్కలకు భయం లేదయ్యా. తప్పు చేస్తే లెక్కే చెప్తాది, తిరగేసి చేస్తే తెలిసిపోతాది. చరిత్రలో అందరూ చచ్చిపోయినోళ్ళే, ఆ పాఠానికి అయ్యోరు లేకపోయినా తేడా తెలీదు. భూగోళమే కష్టం. పటం ఉండాది, సముద్రం ఉండాది. అయ్యోరు సముద్రాన్ని చూసినాడు. ఆయన చెప్తా ఉంటే మాకు కాళ్ళు తడిసినట్టు ఉండేది. ఇప్పుడు నీలం రంగు ఒకటే ఉండాది."

తెలుగు పద్యాల సంగతేమిటన్నాను.

"పద్యం చదివితే మా గొంతులో ఆయన గొంతు వస్తాది. చిన్నోళ్ళు ఏడుస్తారు. అందుకని పద్యం మాత్రం మనసులో చదువుకోమని చెప్పినాను."

"మరి నీ తరగతి పాఠాలో?"

"నాకు ముందర ఎనిమిది చదివినోళ్ళు ఎవరూ లేరు గదయ్యా. ఆయన ఏం అడుగుతాడో చెప్పేవాళ్ళు లేరు. ఏం అడిగేవాడో అనుకొని నాకు నేనే అడుక్కుంటా ఉండాను. ఒకటి మాత్రం తెలీలా. గ్లాసులో గాలి అయిపోతే, ఆ ఖాళీ అయిన చోట ఏముంటాదయ్యా?"

ఎన్నో బడుల్లో కొవ్వొత్తి ప్రశ్న అడిగాను. ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. అయిపోయేది గాలంతా కాదని, మండించే వాయువు మాత్రమే తగ్గుతుందని, మిగతా గాలి గ్లాసులో అట్లాగే ఉంటుందని చెప్పాను. చెబుతుంటేనే తెలిసింది, దేవసహాయం నేర్పిన జవాబు, నేను సరేనంటూ వచ్చిన జవాబు తప్పని.

"అట్లయితే అయిపోలేదన్నమాట," అంది మునిరత్నం. "ఆడనే ఉండాది. మండదు, అంతే."

నాకు చెప్పినట్టు లేదు. ఆమె కళ్ళు కుర్చీ మీద ఉన్నాయి. పిల్లలందరూ అటే చూశారు. నేనూ చూశాను, చూడకుండా ఉండలేకపోయాను.

బోధించేవారు లేరు, పిల్లలు నేర్చుకుంటున్నారు, గుర్తింపు ఉంచి వెంటనే ఒక పంతుల్ని పంపాలి అని రిపోర్టు రాశాను. అట్లాంటి వాక్యం ఏ రిపోర్టులోనూ చూడలేదని పై అధికారి విసుక్కున్నారు. మొత్తానికి పాకాల నుంచి ఒక పంతుల్ని డిప్యుటేషను మీద, అంటే తాత్కాలికంగా, పంపారు. తను అడగకముందే పిల్లలు బదులు చెబుతున్నారని, తనకు అక్కడ ఉండాలంటే భయంగా ఉందని ఆయన నాతో మొర పెట్టుకున్నాడు. మీరు ఇదివరకు ఎన్నడూ అడగని ప్రశ్న అడిగి చూడండి అన్నాను. ఆ రోజు నుంచి వాళ్ళు ఆయన ముఖం వైపు చూడటం మొదలుపెట్టారట. మునిరత్నం పరీక్షకు కూర్చుంది, పాసయింది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ తరగతిలోనూ నేను ముందుగా ప్రశ్న అడగలేదు. మీరే నన్నొకటి అడగండి అనేవాణ్ణి. చాలా బడుల్లో పిల్లలు తల దించుకుని నిశ్శబ్దంగా కూర్చునేవారు, పంతులు కుర్చీలోనే ఉండేవాడు. ఖాళీ కుర్చీ ముందు నేను విన్న నిశ్శబ్దం కంటే ఆ నిశ్శబ్దానికే నేను ఎక్కువ భయపడ్డాను.