నూకలకు వచ్చిన ఇంగ్లీషు పిచ్చుక

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది ఏప్రిల్‌లో, లండన్‌లోని ఒక ప్రకృతి పత్రిక నాకో పని అప్పగించింది. ఇంగ్లండ్ నుంచి అమెరికా చేరి, ఇక్కడి పెరళ్ళలో స్థిరపడిన పక్షులను వసంతంలో ఫోటోలు తీయాలి. మొదటిది పిచ్చుక. అచ్చం మన ఊరపిచ్చుకే. ఇక్కడి పాత తరం వాళ్ళు దాన్ని ఇప్పటికీ ఇంగ్లీషు పిచ్చుక అంటారు. వన్యప్రాణి ఫోటోగ్రాఫర్‌గా గద్దల వెంటా గుడ్లగూబల వెంటా తిరిగినవాణ్ణి, చివరికి పిచ్చుక దగ్గరికి వచ్చానా అని కాస్త చిన్నతనంగానే అనిపించింది.

అమెరికాలో నేనుండే ఊరు నోవైలో పిచ్చుకలంటే సుజాతగారి పెరడే. ఆవిడది తెనాలి, కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆఫీసు కాల్స్ మొదలయ్యేలోపు రోజూ ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్ మీద గుప్పెడు బియ్యపు నూకలు చల్లేవారు.

"ఇండియాలో పిచ్చుకలే కనబడట్లేదంట అన్నయ్యగారూ. ఇక్కడ చూడండి, మా డెక్ నిండా అవే! నా స్ట్రెస్ అంతా వీటితోనే పోతుంది" అనేవారు.

కంచె పక్కన హైడ్ వేసుకున్నాను. హైడ్ అంటే ఆకుల రంగు గుడ్డతో కట్టిన చిన్న గుడారం. లెన్స్ మూతి మాత్రమే బయటికి ఉంటుంది. కెమెరా పక్షి కంటి ఎత్తులో ఉండాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. పక్షుల గొడవల్లో మనం తలదూర్చకూడదన్నది అంతకంటే గట్టి నియమం.

కంచె అవతల లిండా పెరడు. ఆమె రిటైరైన నర్సు. ఆమె స్తంభానికి బిగించిన చెక్కపెట్టెలో బ్లూబర్డ్స్ అనే నీలిపక్షుల జంట గూడు కట్టుకుంది. ఆడపక్షి గుడ్ల మీద ఉంది. ఒక ఉదయం, నూకలు తిన్న మగపిచ్చుక నేరుగా వెళ్ళి ఆ పెట్టె కన్నం మీద వాలింది. మగ నీలిపక్షి దాని మీద పడింది. పిచ్చుక బెదరలేదు. గూడు కోసం లోపలున్న తల్లిని సైతం పొడిచి చంపగల పక్షి అది. వెలుగు బ్రహ్మాండంగా ఉంది. రెక్కలు విప్పిన రెండు పక్షులూ ఒకే ఫ్రేములో ఉన్నాయి. పత్రికవాళ్ళు ఎగిరి గంతేసే ఫోటో. నా వేలు షట్టర్ మీదే ఉంది.

నొక్కలేదు. నియమం ప్రకారం అది పక్షుల గొడవే. కానీ నూకలు చల్లింది పక్షులు కాదు గదా! గుడారం తోసుకుని లేచి చప్పట్లు కొట్టాను. పిచ్చుక ఎగిరిపోయింది, దాంతోపాటు ఫోటో కూడా.

చెబితే సుజాతగారి ముఖం వాడిపోయింది. "అయ్యో, గింజలు వేస్తే పుణ్యమనుకున్నానండీ! పాపం ఆ లిండా ఒక్క మాట కూడా అనలేదే" అంటూ వెంటనే లిండా ఇంటికి నడిచారు. నేనూ వెంట వెళ్ళాను. లిండాకు సంగతి ముందే తెలుసట. కిందటి వసంతంలో కూడా పిచ్చుకలు గుడ్లు పగలగొట్టాయట. మరి ఎందుకు చెప్పలేదంటే, పిచ్చుకలతో తన భాషలో కబుర్లు చెప్పుకునే మనిషిని చూసి నోరు రాలేదంది.

నూకలు ఆపితే చాలంది లిండా. నీలిపక్షులకు ఏమైనా పెట్టాలనిపిస్తే ఎండబెట్టిన పురుగులు పెట్టవచ్చంది. సుజాతగారి వంటింట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. నేను నవ్వు ఆపుకున్నాను. ఆవిడ "ఓకే. గరాజ్‌లో పెట్టుకుంటా, కిచెన్‌లోకి మాత్రం తేను" అన్నారు. మర్నాటి నుంచి గ్లవ్స్ వేసుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, లిండా పెరట్లోని పళ్ళెంలో పురుగులు పోసేవారు. పిచ్చుకలు కొన్నాళ్ళు ఖాళీ డెక్ మీద అరిచి, తరవాత రావడం తగ్గించాయి. అన్నాళ్ళూ ఆవిడ చూడలేక కిటికీ బ్లైండ్స్ దించుకునే కాల్స్‌లో కూర్చున్నారు. నాకు ఆవిడ మీద జాలీ కలిగింది, గౌరవమూ పెరిగింది.

పత్రికకు ఒక షాపు పార్కింగ్ లాట్‌లో తీసిన సాదా పిచ్చుక ఫోటో పంపాను. లోపలి పేజీలో చిన్నగా వేశారు. నీలిపక్షి పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి.

పెరట్లో కెమెరా పెట్టే ముందు, అక్కడి గింజలు ఎవరు వేశారో అడగాలని ఆ వసంతంలో నేర్చుకున్నాను. పక్షికి తిండి పెట్టేవాళ్ళు దాని ఇరుగుపొరుగు సంగతి కూడా చూసుకోవాలి. ఆ మాట వాళ్ళకు చెప్పాల్సింది లెన్స్‌లోంచి ముందుగా చూసినవాడే, ఫోటో పోయినా సరే.