భూతద్దం అక్క, చీజ్ తురుము

స్కూలు వంటగదిలో ఆమెని అందరూ భూతద్దం అక్క అంటారు. చేతిలో గరిటె ఉన్నా లేకపోయినా జేబులో భూతద్దం మాత్రం ఉంటుంది. ఏ ప్యాకెట్ వచ్చినా ముందున్న బొమ్మ చూడదు. వెనక్కి తిప్పి చీమ తలకాయంత అక్షరాలు చదువుతుంది. "చెప్పుకోదగ్గ సంగతైతే ముందువైపే పెద్దగా వేసేవాళ్లు కదా," అంటుంది. ఆ మాట కొట్టిపారేయడానికి లేదు.

ఒకసారి మాకరోనీలోకని ప్యాకెట్ చీజ్ తురుము వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే తెల్లటి పొడి అంటింది. వెనక చదివితే గంజిపిండి, సెల్యులోజ్ అనే చెక్కపీచు పొడి, బూజు పట్టకుండా నోరు తిరగని పేరున్న మందొకటి. తురుము అతుక్కోకుండా వేస్తారనీ, తింటే ఎవరికీ ఏమీ కాదనీ స్కూలు మేనేజరు నచ్చజెప్పబోయాడు. "కాకపోవచ్చండీ. చీజ్ అడిగితే పిండి ఎందుకిస్తున్నారనే నేను అడిగేది," అని అన్నీ తిప్పి పంపేసింది.

అప్పట్నుంచీ వీధి చివర చీజ్ కొట్టు పెద్దాయనే ఆమెకి దిక్కు. గుండ్రటి పెద్ద చీజ్ దిమ్మని ఆమె కళ్లెదుటే కోసి, మొదటి ముక్క కత్తి మొన మీద పెట్టి "రుచి చూడు చెల్లెమ్మా" అనేవాడు. పదకొండేళ్లుగా ఇదే వరస. ఈ లోకంలో ఆమె అనుమానించకుండా కొనేది ఒక్క ఆయన దగ్గరే. కట్టుకున్న మొగుడు తెచ్చిన ఉప్పు కూడా భూతద్దం కింద నుంచి పోవాల్సిందే.

ఈమధ్య ఆమెకి భుజం పట్టేసింది. తురమలేక, ఆయన్నే మిషన్‌లో తురిమి రోజూ డబ్బాలో పంపమంది. కళ్లెదుట జరగని పని కదా, మనసు ఒకచోట నిలవలేదు. రెండోవారం డబ్బాలోంచి చిటికెడు తీసి నలిపింది. వేళ్లకి తెల్లటి పొడి. భూతద్దంతో చూసింది. పొడే.

ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. డబ్బా చంకన పెట్టుకుని కొట్టుకెళ్లింది. నలుగురు కొనేవాళ్లున్నారు. ఉండనీ అనుకుంది.

"ప్యాకెట్ సరుకు కలుపుతున్నారా అన్నయ్యా?"

పెద్దాయన చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. "ఇది మొక్కజొన్న పిండి. నా కొట్లో అది లేదు చెల్లెమ్మా."

"దొరికినవాళ్లందరూ ఇదే అంటారు."

వెనక నిలబడ్డావిడ చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టేసి బయటికి నడిచింది. పెద్దాయన అది చూశాడు.

మర్నాడు డబ్బా వచ్చే వేళకి కాపుకాద్దామని ఆమె పెందలాడే వంటగదికి వచ్చింది. అప్పటికే డబ్బా మూత తీసి ఉంది. కూరగాయలు తరిగే చిన్నాడపడుచు జల్లెడ పట్టుకుని తురుము మీద పిండి చల్లుతోంది.

"ఏంటే అది?"

"మొక్కజొన్న పిండి వదినా. మొదటిరోజు తురుము ముద్దకట్టిందని నామీద అరిచావుగా. విడివిడిగా ఉంటుందని రోజూ కాస్త చల్లుతున్నా."

భూతద్దం అక్క జల్లెడ తీసుకుని పక్కన పెట్టింది. కంపెనీవాళ్లు చేసిన పనే తన వంటగదిలో, తను అరిచిన అరుపుకి జరిగింది. ఆడపడుచుని ఒక్క మాట అనలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది.

మూడు రోజులు కాళ్లు కొట్టువైపు కదల్లేదు. నాలుగోరోజు వెళ్లి, ఉన్న జనం అందరూ వినేట్టు చెప్పింది. "తప్పు నాదే అన్నయ్యా. పిండి మా వంటగదిలోనే కలిసింది. మిమ్మల్ని అనరాని మాటన్నాను."

"పోనీలెండి," అన్నాడు పెద్దాయన. ఎప్పుడూ నువ్వు అనే మనిషి. ఎప్పట్లాగే కళ్లెదుట చీజ్ కోశాడు. కత్తి మొన మీద ముక్క రాలేదు. తూచి, కాగితంలో చుట్టి, పైన ఒక చీటీ అతికించి చేతికిచ్చాడు.

పాలు, ఉప్పు, పాలు గడ్డకట్టడానికి వేసే తోడు. ఇంకేమీ కలపలేదు.

అలవాటుగా ఆమె చెయ్యి జేబులోకి పోయింది. భూతద్దంతో పని లేకుండా, ఆయన ఒక్కో అక్షరం బొటనవేలంత రాశాడు.