మూడూర్లకీ ఒకే ఛానల్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడూర్ల పోలీసులూ, ఫైరోళ్లూ, ఆస్పత్రి అంబులెన్సులూ అందరూ ఒకే వైర్‌లెస్ ఛానల్లో మాట్లాడుకునేట్టు చెయ్యమని, వైర్‌లెస్ సెట్లు బాగుచేసే నన్ను పెట్టిరి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అంతకుముందు యెవురి సెట్లు వాళ్లవే, యెవురి గోల వాళ్లదే. రోడ్డుమీద యాక్సిడెంటయితే పోలీసాయన సూసి స్టేషన్‌కి చెప్పాల, స్టేషనోళ్లు ఫైరాఫీసుకు ఫోన్ చెయ్యాల. ఆ పొద్దు ఫోను పని చేస్తాంటే మన అదృష్టం.

మదనపల్లె కాడ కొండ మీద రిపీటర్ పెట్టినా. రిపీటరంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, ఒకరి మాటను పట్టుకోని దూరంగా ఉండేవాళ్లందరికీ మళ్లా గట్టిగా పంపే పెట్టె, అంతే. ఒకసారికి ఒక మనిషే మాట్లాడాల. ఒకరు బటన్ నొక్కిపెట్టుకోనుంటే తక్కినోళ్లు వినాల్సిందే. అందుకే ట్రైనింగులో అందరికీ మరీమరీ చెప్తి. ప్రాణం మీదికొచ్చినప్పుడు, మాట్లాడేవాళ్లు బటన్ వదిలి గుక్క తిప్పుకునే లోపల దూరండప్పా, "అర్జంటు" అనండి, తక్కినోళ్లు తప్పుకుంటారు అని. అందరూ బుద్ధిగా తలకాయలు ఆడించిరి.

ఆ మధ్యాన్నం నేను కొండ మీద రిపీటర్ గదిలోనే ఉండా, బ్యాటరీలు సూసుకుంటా. సెట్టులో పుంగనూరు హెడ్డు కానిస్టేబుల్ గొంతు వచ్చె. ట్రైనింగులో ముందు వరసలో చేతులు కట్టుకోని కూర్చున్నాయన. "టమోటా లారీ తిరగబడింది. కింద మనిషి ఇరుక్కోనుండాడు, బతికే ఉండాడు. లారీని యెత్తాల..."

ఆయన బటన్ వదిలి గుక్క తిప్పుకునే లోపల కుప్పం నుంచి పోలీసు పెద్దసారు అందుకున్నాడు. ఆడ జాతర బందోబస్తు. యాడ తాళ్లు కట్టాల, బస్సులు యాడ నిలపాల, యెవురు యెప్పుడు అన్నానికి పోవాల. కానిస్టేబుల్ మాట ఆడికాడికే ఆగిపోయ.

సారు గుక్క తిప్పుకునేదానికి ఆగినాడు. ఇప్పుడు దూరతాడులే అని నేను చెవులు రిక్కించుకోనుండా. దూరలా. సారు మళ్లా ఆగినాడు. ఊహూ. పోనీ ఫైరోళ్లన్నా "యాడప్పా ఆ లారీ?" అని అడగొచ్చు కదా, వాళ్లూ అడగలా. పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు నడమ నోరు తెరిచేది మనోళ్లకు చిన్నప్పట్నించీ రాదు. ఇంట్లో నాయన కాడ, బళ్లో అయ్యవారి కాడ నేర్చుకున్న మర్యాద, నా రెండు మాటల ట్రైనింగుతో పోతుందా? ఆడ మనిషి లారీ కింద నలిగిపోతాంటే ఈడ అన్నాల టైములు చెప్తాండాడు ఈ మహానుభావుడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కె.

రిపీటర్ కాడ రిపేరు కోసమని ఒక మైకు ఉండాది. అది నొక్కితే యెవురు మాట్లాడతాండినా వాళ్ల మాట తెగిపోయి నా మాటే పోతాది. ఉద్యోగం పోతే పోయిందిలే అనుకోని నొక్కేస్తి.

"అందరూ ఆపండి. పుంగనూరు పక్క లారీ కింద మనిషి ఉండాడు. యాడో చెప్పప్పా."

ముందు సారు గొంతే వచ్చె. "ఎవడ్రా నువ్వు, నా మాటకు అడ్డమొచ్చేది?"

"అది తర్వాత చెప్తా సార్. పుంగనూరాయప్పా, బెల్లం కొట్టిన రాయి మాదిరి యాల ఉండావు? లారీ యాడ?"

చివరికి సన్నగా వచ్చె కానిస్టేబుల్ గొంతు. "సారు పర్మిషన్ ఇస్తే చెప్తానప్పా."

"ఇచ్చినారు, చెప్పు" అని అబద్ధం కొట్టేస్తి.

మదనపల్లెకు వచ్చే దావలో, చెరువుకట్ట మలుపు కాడ అని చెప్పె. ఫైరోళ్లు వెంటనే "బయలుదేరినాం" అనిరి. ఇంజను స్టార్టు చేసి పెట్టుకోని, యాడికి పోవాల్నో తెలీక అట్నే కూర్చోనుండారంట. వాళ్ల వెనకాలే అంబులెన్సూ కదిలె. సారు మళ్లా నోరెత్తలా. నన్నేం చేస్తారో అనే భయం కన్నా, ఆ మనిషి ఉండాడా పోయినాడా అనే గుబులే ఎక్కువైపోయ నాకు.

బతికె. సాయంత్రం మదనపల్లెలో ఆస్పత్రికి పోయి సూస్తే, లారీకి లోడింగు కూలికి వచ్చిన పడుచోడు. ఒక కాలు మోకాటి పైకి తీసేసిండారు. ఇంకొంచెం ముందు తెచ్చింటే కాలు నిలిచేదేమో అనె డాక్టరు. మంచం పక్కన అదే హెడ్డు కానిస్టేబుల్ నిలబడుకోనుండాడు, ఖాకీ చొక్కా నిండా టమోటా మరకలు. నేను పోయిందే ఆయన్ని తిట్టేదానికి.

"యాలప్పా చెప్పకుండా నిలబడితివి?" అంటి.

"సారు మాట్లాడతాండె కదప్పా" అనె, నేల సూస్తా.

మంచం మీది పడుచోడు నాపక్క తిరిగినాడు.

"నేను లారీ కింద నుంచి అన్నా, అన్నా అని అరస్తానే ఉండానప్పా" అనె. "మా సొంతన్న సెట్టు చెవి కాడ పెట్టుకోని ఇట్నే నిలబడుకోనుండె."