పన్నెండుకు ఒకటి

గూడ్సు బండికి ఇంజన్ ముందుంటుంది, గార్డు వెనకుంటాడు, మధ్యలో యాభై ఎనిమిది బొగ్గు పెట్టెలుంటాయి. ఈ ఏర్పాటు వల్ల బండి ఎటు పోతోందో గార్డుకు ఎప్పుడూ కనిపించదు. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. గోవిందరావు ముప్ఫయ్యారేళ్ళు ఇలా ప్రయాణం చేశాడు.

ఆయన తాత టెక్కలి దగ్గరి పల్లె నుంచి పట్టాలు పరిచే పనికి బిలాస్‌పూర్ వచ్చి, పట్టాలు పరవడం అయిపోయాక తిరిగి వెళ్ళడం మరిచిపోయాడు. తండ్రి షెడ్డులో ఫిట్టరు. గోవిందరావు రైల్వే క్వార్టర్లో పుట్టి, రైల్వే బడిలో చదివి, రైల్వే ఆస్పత్రిలో పన్ను పీకించుకుని, గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. తర్వాత కొన్నేళ్ళకు, గార్డులను ఇకపై ట్రైన్ మేనేజర్లని పిలవాలన్నారు. ఆ గౌరవం ఆయనకు తోర్వా కాలనీలోని సొంత ఇంట్లో, బనీను మీద ఉండగా అందింది.

ఆయనకు జీవితంలో దొంగల భయం లేదు, దెయ్యాల భయం లేదు. వాలు భయం ఒక్కటే ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు యార్డులో ఒక ఖాళీ పెట్టె ఆయన కళ్ళ ముందే కదిలింది. దాంట్లో ఎవరూ లేరు. దాన్ని ఎవరూ తొయ్యలేదు. అది ఎవరినీ అడగలేదు. ఆ చోట వాలు నాలుగు వందలకు ఒకటి, అంటే నాలుగు వందల అడుగులు పోతే ఒక్క అడుగు దిగుతుంది. నిమ్మకాయ పెడితే అది కూడా ఆలోచించుకునేంత వాలు. పెట్టె మాత్రం ఆలోచించకుండా వెళ్ళి గోడను కొట్టింది. ఆనాటి నుంచి గోవిందరావు స్టాండు వేసిన స్కూటరు చక్రం కింద కూడా ఇటుక ముక్క పెడతాడు. చక్రాల సోఫా కొందామని కోడలు ప్రసూన అన్నప్పుడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇలాంటి మనిషి చేతికి విధి ఒక చక్రాల కుర్చీ ఇచ్చింది.

అది భార్య అసిరమ్మది. అర్పా నది ఒడ్డున పాత నడకదారి ఉండేది. పలకలు లేచిపోయిన ఇరుకు దారి. దాని మీదికి దిగడానికి పది మెట్లు. సైకిలు వాళ్ళు సైకిలును భుజాన వేసుకుని దిగేవారు. అసిరమ్మ రోజూ సాయంత్రం ఆ మెట్లు దిగి, కింది బెంచీ మీద నలుగురు ఆడవాళ్ళ పక్కన కూర్చుని, కాలనీలో జరిగినవీ జరగనివీ సమానంగా విచారించి వచ్చేది. నిరుడు జనవరి చలిలో ఆరో మెట్టు మీద జారింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. ఇంట్లో వాకరు పట్టుకుని తిరుగుతుంది. వీధిలోకైతే కుర్చీ కావాలి. కుర్చీ మెట్లు దిగదు. పదిహేడు నెలలుగా ఆమెకు కిటికీలోంచి కనిపించే లోకం ఎదురింటి నీళ్ళ ట్యాంకు.

ఈ పదిహేడు నెలలూ ఆ నలుగురిలో ఒకరైన రాజశ్రీ ఫోను చేస్తూనే ఉంది. రాజశ్రీ రైల్వే బడిలో టీచరుగా చేసిన మనిషి కాబట్టి హాజరు పట్టీ చదివినట్టు చెబుతుంది. ఒకరోజు ఆమె చెప్పిన మాట అసిరమ్మ గుండెలో దిగబడింది.

"నీ జాగాలో హైమావతి గారు కూర్చుంటన్నారే."

"ఏ హైమావతి?"

"బ్యాంకు మేనేజరు అత్తగారు. హైదరాబాదు వాళ్ళు. మాట ఎంత శుభ్రమో తెల్సా. ఏటి అనరు. ఏమిటి అంటారు."

"కూకోనీ," అంది అసిరమ్మ. ఫోను పెట్టేశాక పది నిమిషాలు నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ ఉండిపోయింది.

అందుకే, దారిని తిరగ్గడుతున్నారనే కబురు వచ్చినప్పుడు ఆ ఇంట్లో పండగలా ఉంది. అందరూ నడవగలిగేలా కడతారట. సైకిళ్ళకు వేరే పట్టీ, చూపులేని వాళ్ళ పాదాలకు తెలిసేలా గీతల పలకలు, పట్టుకోవడానికి ఇనప కమ్మీలు. పది మెట్లూ తీసేసి వాటి బదులు నున్నటి వాలుదారి. పని చూసే జూనియర్ ఇంజనీరు దిలీప్ మన కాలనీ కుర్రాడే. చిన్నప్పుడు గోవిందరావు పచ్చజెండా ఎత్తుకుపోయి పతంగికి తోకగా కట్టినవాడు.

మే నెలాఖరున వాలుదారి తయారైంది. గోవిందరావు ఉదయాన్నే వెళ్ళి చూశాడు. బాగుంది. వెడల్పుగా ఉంది. మధ్యలో ఆగడానికి చదునైన చోటు కూడా ఉంది. చివర నీలం బోర్డు పెట్టారు. దాని మీద చక్రాల కుర్చీ బొమ్మ, బొమ్మ కింద హిందీలో "ఢాల్ 1:12", అంటే వాలు పన్నెండుకు ఒకటి, అని ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు. పక్కనున్న పాలవాడితో చదివించాడు. పన్నెండే.

కట్నీ వైపు ఘాట్‌లో, అంటే కొండ ఎక్కే దారిలో, వందకొకటి వాలుంటే బండి వెనక ఇంకో ఇంజన్ కట్టి తోయించేవారు. దిగేటప్పుడు గార్డులు దేవుణ్ణి తలుచుకునేవారు. పన్నెండుకు ఒకటి అనే అంకె ఆయన తన సర్వీసులో ఏ కాగితం మీదా చూడలేదు. అలాంటి చోట బండి నడపరు, దాన్ని లోయ అంటారు. అయితే ఈ లోయకు కుర్చీ బొమ్మ ఎందుకు పెట్టినట్టు? కుర్చీలో కూర్చున్నవాళ్ళు దీని జోలికి రాకూడదనేమో. అలాగైతే బొమ్మ మీద అడ్డగీత ఉండాలి. లేదు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఇంటికెళ్ళి దిలీప్ ఆఫీసుకు దరఖాస్తు రాశాడు.

దరఖాస్తులో మూడు కోరికలున్నాయి. ఒకటి, వాలును వందకొకటికి తగ్గించాలి. రెండు, పై కొసన, కింది కొసన జెండాతో ఒక్కో మనిషిని నిలబెట్టాలి. మూడు, అడుగున క్యాచ్ సైడింగ్ కట్టాలి. క్యాచ్ సైడింగ్ అంటే ఘాట్లలో బ్రేకు తప్పి దొర్లుకొచ్చే బండిని పక్కకు తిప్పి, ఎదురు వాలు ఎక్కించి, అలిసిపోయేలా చేసి ఆపే దారి. చక్రాల కుర్చీలకు అలాంటిది కట్టమని లోకంలో ఇదివరకు ఎవరూ అడిగినట్టు లేదు.

రెండో రోజు దిలీప్ ఇంటికొచ్చాడు.

"అంకుల్, దేఖియే, ఇది స్టాండర్డ్ హై. దేశమంతా పన్నెండుకి ఒకటే కడతారు."

"దేశమంతా పడిపోతే మనమూ పడిపోవాలేటి?"

"పడిపోరు అంకుల్. మెట్ల ఎత్తు అయిదడుగులు. ఇప్పుడు ర్యాంపు అరవై అడుగులు, మధ్యలో ఆగే జాగా వేరే. మీరన్నట్టు వందకొకటి వేస్తే అయిదొందల అడుగులు అవుతుంది. అచ్ఛా, అంత పొడుగున దిగితే ఆంటీ బెంచీ దాటి ఎక్కడికో పోతారు. మళ్ళీ వెనక్కి రావాలి కదా."

గోవిందరావు ఈ లెక్కను మనసులో చేసి చూశాడు. అది సరిగ్గానే వచ్చింది. సరిగ్గా రావడమే ఆయన్ని ఎక్కువ గాభరా పెట్టింది.

"క్యాచ్ సైడింగ్ మాటేటి?"

దిలీప్ ఆ మాట ఎప్పుడూ వినలేదు. కాగితం పైకి పంపాడు. పైన ఉన్నవాళ్ళూ వినలేదు. కాని అక్కడి పద్ధతి ఏమిటంటే, వృద్ధుల సౌకర్యం కోసం కట్టినదాని మీద వృద్ధుడే ఆక్షేపణ చెబితే, అది తేలేదాకా తెరవకూడదు. నాలుగు రోజులకు ఫైలు తిరిగొచ్చింది. అంచున ఒకే వాక్యం ఉంది: "క్యాచ్ సైడింగ్ అనగా ఏమి? వివరించండి." ఈలోగా వాలుదారికి అడ్డంగా తాడు కట్టేశారు. జూన్ పదికల్లా అప్పగింత కాకపోతే వానలొస్తాయి, కాంట్రాక్టరు మనుషులు వెళ్ళిపోతారు, దసరా దాకా తాడు విప్పే నాథుడుండడు.

ఈ సంగతి ఇంట్లో చెప్పింది గోవిందరావు కాదు, రాజశ్రీ.

అసిరమ్మ ఫోను పక్కన పెట్టి భర్తను పిలిచింది. గొంతు పెంచలేదు. ఆయనకు దానికే భయం వేసింది.

"తాడు నువ్వు కట్టించావట."

"నేను కట్టించలేదు. నేను దరకాస్తు పెట్టాను, ఆళ్ళు కట్టారు."

"ఎందుకెట్టావు?"

"పన్నెండుకొకటి అసిరీ. నీకు తెలీదు. అలాటి వాలు మీద కుర్చీ చెయ్యి జారిందంటే..."

"నేను మెట్ల మీద పడ్డాను. వాలు మీద పడలేదు. పదిమెట్లకీ బోర్డు లేదు, అంకె లేదు, అందుకని అయి నీకు మంచివయిపోయాయి. ఆ రోజు నా ఎనకాలే ఉన్నావు కదా. నీ చేతిలో ఏటుంది?"

ఆ రోజు గోవిందరావు రెండు మెట్లు వెనకగా, కూరగాయల సంచీ పట్టుకుని ఉన్నాడు. చెయ్యి చాపేసరికి ఆమె కింద ఉంది. ఈ విషయం ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన ఒక్క మనిషికీ ముందే తెలుసు.

"పదో తారీకులోపు ఆ తాడు విప్పించు," అంది అసిరమ్మ. "లేదంటే దసరా దాకా ఆ ట్యాంకుని నువ్వు సూడు."

గోవిందరావు మిత్రుడు సూర్యం దగ్గరికి వెళ్ళాడు. సూర్యం ఇంజన్ డ్రైవరుగా చేసినవాడు. పాతికేళ్ళు ఒకే బండికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పనిచేశారు. వారి స్నేహానికి ఆ దూరమే బలమని తెలిసినవాళ్ళు అంటారు.

"దీనికి కంగారేటి గార్డుగారూ?" అన్నాడు సూర్యం. "కొత్త వంతెన కడితే ఏం చేస్తాం? ఇసక బస్తాలేసి ట్రయల్ తీస్తాం. అలాగే తీద్దారి."

ఇసకకు బదులు బియ్యం అనుకున్నారు. ఎంత లోడు వెయ్యాలో తెలియాలి కాబట్టి గోవిందరావు భార్యను బరువడిగాడు.

"నీకెందుకు?"

"లెక్కకి."

"చెప్పను."

పాతిక కేజీల బస్తాలు రెండు కుర్చీలో పెట్టి ఆయన తాడు బిగిస్తుంటే, అసిరమ్మ వాకరు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. వాకరుకు వేలాడుతున్న సంచీలోంచి కిలో కందిపప్పు పొట్లాలు ఒక్కొక్కటిగా తీసి బస్తాల మీద పెట్టింది. ఎనిమిది పెట్టి, ఒక్క క్షణం ఆగి, ఇంకొకటి పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ తొమ్మిదో తారీకు సాయంత్రం అయిదింటికి ట్రయల్ జరిగింది. దిలీప్ తాడు విప్పి, స్కూటరు సీటు మీద కాగితం పరిచాడు. ఆక్షేపణ లేదని గోవిందరావు సంతకం పెడితే పని అయిపోతుంది. వాకింగుకు వచ్చినవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు గుమిగూడారు. బియ్యానికి ఇంత మర్యాద ఎందుకు జరుగుతోందో వాళ్ళకు బోధపడలేదు.

మొదట ఒక చిక్కొచ్చింది. కుర్చీ పిడులు సూర్యం పట్టుకున్నాడు.

"అది నా చోటు," అన్నాడు గోవిందరావు. "ఎనకనుండేది గార్డు."

"తోసేది ఎవరు? ఇంజను. ఇంజను ఎవరిది?"

దీని మీద రూలు పుస్తకంలో ఏమీ లేదు. చివరికి సూర్యం తోసేట్టు, గోవిందరావు కుర్చీ ముందు వెనక్కి నడుస్తూ దిగేట్టు ఒప్పందమైంది. బండి తప్పితే తన మీదికే రావాలి. క్యాచ్ సైడింగ్ కట్టలేదు కాబట్టి ఆయనే క్యాచ్ సైడింగ్ అయ్యాడు.

బియ్యం క్షేమంగా దిగింది. ఒక్క పొట్లం కూడా కదల్లేదు. జనం ఎందుకో చప్పట్లు కొట్టారు.

"సైన్ కర్ దీజియే అంకుల్," అన్నాడు దిలీప్.

గోవిందరావు కలం తీశాడు, మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. "బియ్యానికి భయం ఉండదు," అన్నాడు. "మనుషులు కదుల్తారు. పక్కకి ఒంగుతారు. బియ్యం ఒంగదు."

అప్పుడే పైన ఆటో ఆగింది. ప్రసూన దిగి, అత్తగారిని దింపింది. అసిరమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. వాకరు ఆనించి వాలు అంచున నిలబడి, "ఆ బియ్యం తీసి కుర్చీ పైకి తెండి," అంది.

"ఆంటీ, ముందు సైన్..." అన్నాడు దిలీప్.

"ముందు నేను. తర్వాత సైను."

కుర్చీ పైకి వచ్చింది. అసిరమ్మ కూర్చుంది. సూర్యం పిడులు పట్టుకోబోతుంటే కళ్ళతోనే ఆపింది. గోవిందరావు పట్టుకున్నాడు. పట్టుకున్నాక వెనకుంటే ముందేమవుతుందో కనిపించదని తోచింది. పిడులు సూర్యానికిచ్చి ముందుకొచ్చాడు. చేతులు రెండూ చాపి, వెనక్కి నడుస్తూ దిగసాగాడు. ముప్ఫయి అడుగులు అలా దిగి, మధ్యలో చదునైన చోటికి వచ్చారు. అక్కడ అసిరమ్మ కుర్చీ పక్కనున్న మీట నొక్కింది. కుర్చీ ఆగిపోయింది. ఈ బ్రేకు కూర్చున్న మనిషి చేతికింద ఉంటుందని గోవిందరావు పదిహేడు నెలల్లో ఒక్కసారీ గమనించలేదు.

"ఏటయింది?" అన్నాడు గాభరాగా.

"తప్పుకో. నది కనపళ్ళేదు."

ఆయన వెనక్కి చూశాడు. నది అక్కడే ఉంది. ఇసక, ఇసక మధ్య సన్నగా నీళ్ళు, అవతలి ఒడ్డున ఎవరో బర్రెల్ని కడుగుతున్నారు. తనకూ దానికీ మధ్య ఏమీ లేదు. ఆమెకూ దానికీ మధ్య మాత్రం తను ఉన్నాడు. ఎటు తప్పుకోవాలో అర్థం కాక మొదట ఎడమకు, ఆ తర్వాత కుడికి జరిగి, చివరకు కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు.

"సూర్యం, నువ్వు కూడా చెయ్యి తియ్యి," అంది అసిరమ్మ.

సూర్యం గోవిందరావు వైపు చూశాడు. బండి కదలాలంటే గార్డు ఒప్పుకోవాలి; అది పాత అలవాటు. గోవిందరావు రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు. తల మాత్రం, ఆయన్ని అడగకుండానే, కొంచెం ఊగింది. సూర్యం చేతులు తీశాడు.

ఆమె మీట వదిలింది. రెండు అరచేతులూ చక్రాల అంచులకు ఆనించి, ఒకసారి బిగించి, ఒకసారి వదిలి, మిగిలిన ముప్ఫయి అడుగులూ దిగింది. ఎంత నెమ్మదిగా అంటే, మూడు చక్రాల సైకిలు మీద ఒక పసిపిల్ల ఆమెను దాటిపోయింది. కింద రాజశ్రీ లేచి నిలబడింది. హైమావతి గారు కూడా గబగబా లేచి, "రండి రండి, ఇది మీ చోటేనట కదా," అన్నారు.

"కూకోండమ్మా. నేను కుర్చీ తెచ్చుకున్నాను," అని అసిరమ్మ బెంచీకి ఎదురుగా, నది కనిపించేలా కుర్చీ తిప్పుకుంది. "ఊఁ, ఏటి కబుర్లు? మొదట్నించీ చెప్పండి. తొందర్లేదు."

గోవిందరావు కిందికి దిగొచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. దిలీప్ కాగితం అక్కడికే తెచ్చాడు. సంతకం పెట్టాడు. ఆక్షేపణ లేదు అని రాసి, చెయ్యి ఊరుకోక, "వేగ పరిమితి గంటకు రెండు కిలోమీటర్లు" అని కింద చేర్చాడు. దిలీప్ దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. అయిదుగురు ఆడవాళ్ళు ఆయన వైపు చూశారు.

"నువ్వెల్లు," అంది అసిరమ్మ. "ఏడింటికి రా."

టైమింకా ఆరు కాలేదు. సూర్యం బియ్యం తీసుకుని ప్రసూనతో పాటు ఆటోలో వెళ్ళిపోయాడు. గోవిందరావు వాలు ఎక్కి పైకొచ్చాడు. ఆయాసం రాలేదు. పన్నెండుకు ఒకటి అయితే ఆయాసం రావాలి కదా అని తోచింది. ఎక్కడో లెక్క తప్పింది. దిలీప్ తప్పో, బోర్డు తప్పో, ముప్ఫయ్యారేళ్ళ సర్వీసు తప్పో తెలియలేదు. ఏడింటి దాకా ఏం చెయ్యాలో కూడా తెలియలేదు. బెంచీ వాళ్ళు ఇటు చూడడం లేదని నిశ్చయించుకుని, కమ్మీ పట్టుకోకుండా, అడుగులు లెక్కపెట్టుకుంటూ ఇంకోసారి దిగడం మొదలుపెట్టాడు.