ఎడమచేతి చిటికెన వేలు

మా అమ్మ చేతులు చూస్తే ఆమె ఏం పని చేసిందో మా జిల్లావాళ్లు ఎవరైనా చెప్పేస్తారు. నా చిన్నప్పటి నుంచి జీడిపిక్కలు కొట్టింది. కోటబొమ్మాళి దగ్గర మా ఊరి నుంచి పొద్దున్నే పాసింజరు ఎక్కి పలాస వెళ్లి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేది. జీడి తొక్కలోని రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా వేళ్ల చివర్లు నల్లబడి, పొరలు ఊడి, చివరికి నున్నగా అరిగిపోతాయి. ఆ చేత్తో కలిపిన ముద్ద తింటేనే నాకు అన్నం తిన్నట్టుండేది. బళ్లో ఒకమ్మాయి ఆ చేతుల్ని చూసి మొహం చిట్లించింది. దానితో నేను ఇప్పటికీ పెద్దగా మాట్లాడను.

ఆ చేతులే ఒకసారి అమ్మకీ, ఆమె డబ్బుకీ మధ్య అడ్డం పడ్డాయి.

నాన్న ఉన్నన్నాళ్లూ అమ్మ కూలి డబ్బులు తెచ్చి ఆయన చేతిలో పెట్టేది. తలనూనె కావాలన్నా మళ్లీ ఆయన్నే అడిగేది. ఆయన చెడ్డవాడేం కాదు, మా వీధిలో అందరిళ్లలోనూ అదే పద్ధతి. నాన్న పోయాక పక్క ఊళ్లోని చిన్న బ్యాంకులో అమ్మ తన పేరున ఖాతా తెరిచింది. పాసుపుస్తకం మీద తన ఫొటో అంటించి ఇచ్చినరోజు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూపించుకుంటూ వచ్చింది. రేషను కార్డులో నాన్న పక్కన సర్దుకుని కూర్చున్న మనిషి, ఆ పుస్తకం మీద మాత్రం ఒక్కతే ఉంది.

కొన్నేళ్లకు, వేలిముద్ర యంత్రాలు ఊళ్లలోకి వచ్చిన కొత్తలో, ఆ చిన్న బ్యాంకును ఎత్తేసి ఖాతాలన్నీ టౌను బ్రాంచికి పంపేశారు. రెండు ఆటోలు మారి అక్కడికి వెళ్తే ‘లింకు లేదు, రేపు రండి’ అనేవారు. లింకు ఉన్నరోజున, ఖాతాకు ఆధార్ వేలిముద్ర పడలేదు కాబట్టి డబ్బు తీయడానికి వీల్లేదన్నారు. ఆ ముద్రేదో మీ ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గరే వేయించుకోమన్నారు. బ్యాంకు మిత్ర, అంటే బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బిచ్చే మనిషి, మా వీధి చివర కిరాణా కొట్టువాళ్ల కోడలు. పప్పుల డబ్బాల పక్కన ఒక చిన్న యంత్రం పెట్టుకుని కూర్చునేది. అమ్మ బొటనవేలు పెట్టడం, ఎర్రలైటు వెలగడం, మళ్లీ టౌనుకు వెళ్లడం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు తయారైంది వ్యవహారం.

నేను అప్పటికి విజయనగరంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. మధ్యాహ్నం అన్నాల వేళ పాసుపుస్తకం వెనకున్న నంబరుకు ఫోన్ చేసేదాన్ని. ఒకావిడ ముందు హిందీలో, తర్వాత ఇంగ్లీషులో, దీనికి ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి అనేది. వేళ్లు అరిగిపోయినవాళ్లు ఏది నొక్కాలో మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. కాసేపు పాట వినిపించి ఫోను దానంతటదే తెగిపోయేది. నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పుడు నాకు ఏడో నెల. సీమంతానికి పుట్టింటివైపు నుంచి చీర, గాజులు, చలిమిడి రావాలి. అన్నయ్య తానే కొంటానన్నాడు. నేను అసలేమీ వద్దన్నాను. అమ్మ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. తన ఖాతాలోంచి తీసి, తన చేత్తోనే కొంటానంది. అన్నయ్య పాపం పని మానుకుని ఆమెను మళ్లీ టౌనుకు తీసుకెళ్లాడు. అక్కడి ఆఫీసరు విసిగిపోయి ఉన్నాడో, నిజంగానే సాయం చేద్దామనుకున్నాడో గానీ, “మీ అబ్బాయి పేరు కూడా కలిపేయండమ్మా. ఆయన ముద్రతో ఖాతా నడిచిపోతుంది, మీరు ఇంత దూరం రానక్కర్లేదు” అన్నాడట.

“అలగే సేసీద్దుమే అమ్మా, గొడవొదిలిపోతాది” అన్నాడట అన్నయ్య.

“ఇన్నాళ్లూ నా కూలి మీ నాన్న సేతిలోన పెట్టినాను. ఇప్పుడు నీ సేతిలోన పెట్టాలేటిరా? నాను బతికే ఉన్నాను గదా” అని అమ్మ పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేసింది. ఈ సంగతి అన్నయ్యే ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో కోపం లేదు. నాకైతే గర్వంతో గుండె నిండిపోయింది.

మర్నాడే సెలవు పెట్టి ఊరెళ్లాను. అమ్మను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్లాను. కోడలు అమ్మ కుడిచెయ్యి తుడిచి, నిమ్మచెక్క రుద్ది, ఒక్కో వేలూ పెట్టించింది. అన్నిటికీ ఎర్రలైటే. నేను రోజంతా మనుషుల వేళ్లు పట్టుకుని చూసేదాన్ని. సూది గుచ్చాలంటే ముందు ఎడమచెయ్యే అడుగుతాం. ఆ అలవాటు కొద్దీ అమ్మ ఎడమచెయ్యి లాక్కుని చూశాను. పిక్కను పట్టుకునే వేళ్లు ఆ చేతికీ పోయాయి. చిటికెన వేలు మాత్రం, పని చేసేటప్పుడు అమ్మ ఎప్పుడూ దాన్ని విడిగా చాపి ఉంచేది కాబట్టి, గీతలన్నీ చెక్కు చెదరకుండా ఉంది.

“ఇది పెట్టమ్మా” అన్నాను.

అమ్మ చెయ్యి వెనక్కి లాగేసుకుంది. “ఎడం సెయ్యా? డబ్బులకా? లచ్చిందేవిని ఎడం సేత్తో పిలుస్తారేటే, సదువుకున్న గుంటవి?”

కోడలు కూడా యంత్రాన్ని కొంచెం తనవైపు జరుపుకుంది. “నిజమే గదప్పా, ఇంకా బోణీ కూడా అవ్వనేదు” అంది. ఇన్నాళ్లూ ఆ చెయ్యి పెట్టమని ఆమె అడగకపోవడానికీ, అమ్మ చాపకపోవడానికీ కారణం అదే. డబ్బు ఇచ్చేదీ, పుచ్చుకునేదీ కుడిచెయ్యి. ఆధార్ తీసినప్పుడు పది వేళ్లూ పెట్టించారు గానీ, ఎడమచేతి ముద్ర కూడా పనికొస్తుందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

నాకు తిక్కరేగింది. “పిక్క పట్టుకున్నాది ఏ సెయ్యే? కాలిపోయినాది ఏ సెయ్యి? సంపాయించినప్పుడు అక్కరకొచ్చినాది, తీసుకున్నప్పుడు అంటయిపోనాదేటి?”

అమ్మ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత నావైపు తిరిగి, “ముందు నువ్వో సబ్బు కొను. కుడిసేత్తో ఇయ్యి. కొట్టుకి బోణీ అయిపోవాల” అంది. సబ్బు కొన్నాను. అమ్మ అదే సబ్బుతో ఎడమచెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, “తప్పు కాయి తల్లీ” అంటూ చిటికెన వేలు ఆనించింది.

ముందు ఏమీ కాలేదు. కోడలు వేలిని కొంచెం సర్ది మళ్లీ ఆనించింది. పచ్చలైటు వెలిగింది.

ఖాతా తెరుచుకుంది. కోడలు ఇచ్చిన నోట్లను అమ్మ కుడిచేత్తోనే అందుకుని కళ్లకద్దుకుంది. ఎడమచేతిని కొంగు చాటున దాచింది గానీ, ఇంటికి వస్తున్న దారంతా దాన్ని చూసుకుంటూనే ఉంది. ఆ వారంలోనే జీడి పనికి వెళ్లే మా వీధి ఆడవాళ్లు చాలామంది కొట్టుకు వచ్చి ఎడమచేతులు చాపారట. కొందరికి పడింది, కొందరికి పడలేదు. కోడలు మాత్రం రోజూ పొద్దున్నే తానే ఒక అగ్గిపెట్టె కొనుక్కుని, బోణీ అయిందనిపించాక యంత్రం తీసేదట.

సీమంతం విజయనగరంలో మా అత్తవారింట్లో జరిగింది. అమ్మ ఆకుపచ్చ చీర, ఎర్రగాజులు, ఇత్తడి డబ్బా నిండా చలిమిడి తెచ్చింది. ఆ గాజుల్ని తన దగ్గరే పెట్టుకుని, పేరంటాళ్లంతా తొడిగేదాకా ఆగింది. నాన్న లేడని మా అత్తగారు అమ్మను పక్కన పెట్టలేదు. తన వంతు వచ్చాక నా ముందు కూర్చుంది. నేను కుడిచెయ్యి చాపాను.

“అది కాదు, ఎడం సెయ్యి ఇలగియ్యి” అంది.

“కుడిచేతికి ముందు తొడగాలి కదా వదినా” అంది మా అత్తగారు, నెమ్మదిగానే.

“మిగతావన్నీ అలగే తొడిగినారు గదా వదినా. ఇయ్యి మాత్రం ఎడంసెయ్యి తెచ్చినాది” అంది అమ్మ.

అక్కడున్న వాళ్లలో ఎవరికీ అర్థం కాలేదు. ఆ నున్నటి వేళ్లు నా అరచేతిని నొక్కి, ఒక్కో గాజూ పగలకుండా ఎక్కిస్తుంటే, నేను ఏడుస్తూ నవ్వాను.