గుమ్మం ముందు చెప్పులు

మొన్న ఆదివారం భవానీపురంలో మా చర్చి గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూడగానే రూతమ్మత్త గుర్తొచ్చింది.

సంఘం కోసం దేవుడు ఒక్కొక్కరికీ ఒక్కో వరం ఇస్తాడని మా చిన్నప్పుడు పాస్టరు గారు చెప్పేవారు. రూతమ్మత్తకి పాటా రాదు, చదువూ రాదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే, ఆవిడ గుమ్మంలో కూర్చుని చెప్పులకేసే చూసేది. పాపం, దేవుడు ఈవిడకి కాపలా పని ఇచ్చాడనుకున్నాను.

ఒక ఆదివారం అమ్మకి జ్వరం వచ్చి మేం చర్చికి వెళ్లలేదు. మధ్యాహ్నానికల్లా రూతమ్మత్త జావ గిన్నెతో వచ్చింది.

"మేం రాలేదని ఎవరు చెప్పారత్తా?"

"ఒకరు చెప్పాలేంటే? మీ అమ్మ నీలం చెప్పులు లేవుగా!"

రూతమ్మత్త అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, అప్పుడు కళ్లు మూసుకుంది.

అదే చర్చికి ఇన్నేళ్లుగా వెళ్తున్నాను. మొన్న ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడినా, అక్కడ ఎవరి చెప్పులు లేవో నాకు తెలియలేదు.