ఎర్ర కారుకు నల్ల డోరు

దినాలు ముగిశాక తమ్ముడి గది సర్దుతుంటే కిటికీలో ఒక గాజు సీసా కనిపించింది. బ్లీచింగ్ నీళ్లలో చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు మునిగి ఉన్నాయి. కారు ముందు జాలీ, లైట్ల చుట్టూ ఉండే రింగులు. బొమ్మ కారు కిట్‌లో ఇవి వెండిలా మెరిసే పూతతో వస్తాయి. ఆ పూత వదలడానికి నానబెట్టాడు. మర్నాడు తీద్దామనుకుని ఉంటాడు. మర్నాడు ఆస్పత్రిలో గడిచింది.

"పారబోస్త వదినా, ఇంకెవరికోసం?" అంది మరదలు.

"నాకియ్యి," అన్నాను. సీసాతో పాటు కిట్ పెట్టె కూడా ఇంటికి తెచ్చుకున్నాను.

తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్. పాతికేళ్లప్పుడు జీవితంలో ఒకే ఒక్కసారి రేసు కారు నడిపాడు. ఊరి బయట పాడుబడ్డ రన్‌వే మీద పందెం పెట్టారు. ఆ కాలంలో మన దగ్గర టాక్సీలుగా తిరిగిన రకం పాత బండిని అతనూ, అతని దోస్తూ కలిసి బాగుచేసి ఎర్ర రంగు వేశారు. రిటైరయ్యాక అదే కారు కిట్ ఆన్‌లైన్‌లో దొరికింది. కాని కిట్‌లోది విదేశాల్లో తిరిగిన రకం. స్టీరింగ్ ఎడమ వైపు, వెనక మెత్తటి సీటు, అంతటా మెరుపు. పెట్టె మీది బొమ్మలా చేయాలని తమ్ముడికి లేదు. తాను నడిపిన కారు కావాలి. డ్యాష్‌బోర్డు కోసి కుడివైపుకు మార్చడం వరకూ చేశాడు.

మోడళ్ల గురించి నాకేమీ తెలియదు. నేను నయాపూల్ దగ్గర కోర్టులో, నకళ్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ మొదట నేర్పేది ఒకటే. అసలు కాగితంలో తప్పుంటే నకలులోనూ ఆ తప్పు ఉండాలి. దిద్దావంటే అది నకలు కాదు. కారుకూ ఇది సరిపోతుందనుకున్నాను.

ఆ నెలల్లో ఇంటికి వచ్చినవాళ్లంతా తమ్ముడు ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని చెప్పి వెళ్లేవారు. వాడు మాట అనని మనిషి లేడు. దుఃఖం గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. చాలావరకు అందంగా రాసినవే. అందుకే పక్కన పెట్టేశాను. ఆకురాయి పట్టుకుని కూర్చోవడం నయమనిపించింది.

వెనక సీటు వేయలేదు, వాళ్ల బండిలో లేదు కాబట్టి. బండి బోల్తా పడ్డా నలగకుండా పైకప్పు కింద వాళ్లు నీళ్ల పైపు వంచి బిగించారు. నేను ఇయర్‌బడ్ పుల్లను వేడి చేసి వంచాను. మొదటి మూడు విరిగాయి. బానెట్‌కు తోలు బెల్టు కట్టినట్టు గుర్తు. పాత వాచీ పట్టాలోంచి సన్నగా ఒక పోగు చీల్చాను.

మిగిలింది డ్రైవర్ డోరు. అది ఎర్రగా లేదు, నల్లగా ఉండేది.

పందెం ముందు రోజు దోస్తు గ్యారేజ్‌లోంచి బండిని రివర్స్ తీస్తూ, వెనక చూడటానికి డోరు తెరిచి తల బయటపెట్టాడు. డోరు గేటు స్తంభానికి తగిలి విరిగింది. అప్పటికప్పుడు టాక్సీ డోరు ఒకటి తెచ్చి బిగించారు. రంగు వేసే తీరిక లేదు. పెయింటర్ అందంగా రాసిన నంబరు పాత డోరుతోనే పోయింది. అమ్మ అన్నం తినే కంచం బోర్లించి చుట్టూ గీత గీసి, లోపల తెల్ల రంగు పూసి, తమ్ముడే ఏడు అంకె వేశాడు. అంకె ఒక పక్కకు వాలింది. కంచం ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని టేపుతో కొలిచి, కిట్ కొలత ప్రకారం ఇరవై నాలుగో వంతు చేసి, మోడల్ డోరు మీద అంత గుండ్రం వేశాను. ఏడును వాలుగానే పెట్టాను.

సంవత్సరీకం అయ్యాక దాన్ని చాంద్రాయణగుట్టలో దోస్తు గ్యారేజ్‌కు తీసుకెళ్లాను. తమ్ముడి పేరున అక్కడ అద్దాల షోకేసు చేయించి, మోడల్ అందులో పెడదామని అడిగింది అతనే. అట్టపెట్టె తెరిచి చూసి అతని మొహం మారింది.

"ఏందక్కా ఇది? మంచి బండిని కరాబ్ చేసినవ్. డోరు నల్లగేసినవేంది?"

"గట్లనే ఉండె."

"ఎవలు చెప్పిన్రు? ఫొటో చూడు, అంత ఒక్కటే రంగు." గోడ మీది ఫొటో చూపించాడు. పందెం రోజుది అదొక్కటే ఉంది.

"అది బ్లాక్ అండ్ వైట్ ఫొటో. అండ్ల టమాట గూడ నల్లగనే పడ్తది."

పనివాళ్లలో ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. "గిరాకీలు చూస్తరక్కా. ఎర్రగుంటే శాన్ ఉంటది. సెకండొచ్చిన బండి."

"సెకండా? ఎటుదిక్కుకెల్లి?"

"సరే, ఎనకకెల్లి ఫస్టు. నువ్వు ఊకోవు గద!"

తమ్ముడు ఆఖరున వచ్చాడు. మూడో గేరు పోయింది, మిగతావాళ్లు వెళ్లిపోతున్నా ఆగకుండా నడిపి గీత దాటాడు. "ఆఖరికొచ్చిన, కని వచ్చిన," అనేవాడు. ఈ అతిశయం తమ్ముడికి చాలు. దానికి ఇంకొకరు రంగు పూయడం నాకు ఇష్టం లేదు.

"పెడితే ఇట్లనే పెట్టు. లేకుంటే నా ఇంట్లుంటది," అన్నాను.

అతను చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఆ డోరు ఇరగ్గొట్టింది నేను. నీకెర్కనే గద. దినాం దాన్నే సూస్కుంట కూసోవాల్నా?"

"వాడు నాకు ఇరగ్గొట్టిన ముచ్చట ఒక్కసారే చెప్పిండు. కార్వాన్ బస్తీల మూసిన దుకాణం తెరిపిచ్చి, డోరు భుజం మీద మోస్కొచ్చినవని చెప్పిండు. ఎన్నిసార్లు చెప్పిండో. అది లేకుంటే పందెమే ఉండకపోవు అనెటోడు."

"గట్లన్నడా?"

"నీకు చెప్పలేదా?"

"నన్నైతే ఇన్నేండ్లూ గుడ్డోడా అనే పిలిచిండు," అని పక్కకు తిరిగి చాయ్ తెమ్మని కేకేశాడు.

మోడల్‌ను షోకేసులో పెట్టాడు. నేను చూస్తుండగా నల్ల డోరు బయటికి కనిపించేలాగే పెట్టాడు.

తర్వాతి నెల వెళ్లేసరికి కారు తిరిగి ఉంది. ఎర్ర వైపు జనానికి, నల్ల డోరు గోడకు. అద్దం జరిపి కారును మళ్లీ తిప్పి పెట్టి వచ్చాను. ఆ పై నెల మళ్లీ ఎర్ర వైపు. మళ్లీ తిప్పాను. మా మధ్య దాని గురించి మాటల్లేవు. చాయ్ మాత్రం ఉంటుంది. నా మోకాళ్లు బాగా లేవు, ఫ్లైఓవర్ కింద బస్సు దిగి రోడ్డు దాటడం కష్టంగానే ఉంది. అయినా వెళ్తున్నాను.

మొన్న నేను తిప్పుతుండగా, స్కూటర్ రిపేరుకు తెచ్చినతను చూసి అడిగాడు.

"గా ఒక్క డోరేంది నల్లగుంది?"

దోస్తు ఒక బండి కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాకుండానే అరిచాడు. "అక్కనడుగు!"

అడిగాడు. డోరు విరగడం, తేవడం, అమ్మ కంచం, ఆఖరున రావడం, అన్నీ చెప్పాను. బండి కింద స్పానర్ చప్పుడు ఆగింది. నేను చెప్పడం అయ్యేదాకా మళ్లీ మొదలవలేదు.